గురజాడ ‘దేశం’, రాయల ‘దేశం’: ఒకే మాటా, రెండు మాటలా?

చంపావతి (విజయనగరం):
‘దేశమంటే మట్టికాదోయ్, దేశమంటే మనుషులోయ్’. ఈ ఒక్క పంక్తి పట్టుకుని, గురజాడ 1910లో దేశం అన్న మాటకు కొత్త అర్థం కట్టారని, పాత అర్థానికి అక్కడితో కాలం చెల్లిందని మా ఊరి సాహిత్య మిత్రులు గట్టిగా వాదిస్తున్నారు. నేను ఒప్పుకోను. కాలం చెల్లినదాన్ని ‘కాదోయ్’ అని ఎవరైనా పనిగట్టుకుని కాదంటారా? జనం మనసులో పాతుకుపోయి ఉంది కాబట్టే కాదన్నారు. మీరేమంటారు?

నాగావళి (శ్రీకాకుళం):
నేను మీ మిత్రుల పక్షం. ‘అంటే’ అన్న మాట చూడండి. పిల్లలకు అర్థం చెప్పేటప్పుడు మనం వాడేది అదే. కృష్ణదేవరాయలు తన కావ్యం ఆముక్తమాల్యదలో ‘తెలుఁగ దేల యన్న దేశంబు తెలుఁగు’ అన్నప్పుడు దేశం ఒక భాష వినబడేంత మేర. (రాయలకు కలలో ఆ మాట చెప్పిన ఆంధ్రవిష్ణువు కృష్ణా తీరపు శ్రీకాకుళం దేవుడు. మా శ్రీకాకుళమేనని ఇక్కడ చాలామంది అనుకుంటారు.) ఆ దేశానికి వల్లభుడున్నాడు, కొలువులో నృపులున్నారు. గురజాడ గేయంలో రాజు ఊసే లేదు. అక్కడున్నది పొరుగువాడు. ఇంతకంటే పెద్ద మార్పు ఏం కావాలి?

వేగవతి (బొబ్బిలి):
‘ఊరు ఊరంతా కదిలింది’ అంటాం. కదిలింది ఇళ్లు కాదు, మనుషులు. చోటు పేరు చెప్పి అక్కడివాళ్లను తలచుకోవడం ఎప్పటినుంచో ఉన్నదే, ఆలంకారికులు దాన్ని లక్షణ అన్నారు. పైగా సంస్కృత నిఘంటువు అమరకోశం దేశాన్ని, జనపదాన్ని ఒకే వరుసలో చెప్పింది. జనం ఆ మాటలో ముందునుంచీ ఉన్నారు.

నాగావళి:
జనపదమైనా చివరికి చోటే కదా! లక్షణ చడీచప్పుడు లేకుండా పని చేసుకుపోతుంది. మొదటి అర్థాన్ని పేరుపెట్టి తోసిపుచ్చదు. గురజాడ తోసిపుచ్చారు.

చంపావతి:
ఆ ఒక్క పంక్తి దగ్గరే ఆగిపోతున్నారన్నదే నా బాధ. గేయమంతా చదవండి. ‘అన్ని దేశాల్ క్రమ్మవలెనోయ్, దేశి సరుకుల నమ్మవలెనోయ్’ అన్నచోట దేశాలంటే సరుకు అమ్ముకోవలసిన పరాయి రాజ్యాలు. అక్కడ ‘మనుషులు’ అని అర్థం చెప్పి చూడండి, కుదరదు. ‘ఓర్వలేమి పిశాచి దేశం మూలుగులు పీల్చేసెనోయ్’ దగ్గరికి వస్తే దేశానికి ఎముకలున్నాయి, వాటిలో మూలుగ ఉంది. అసూయ దాన్ని పీల్చేస్తోంది. ఈ పంక్తి చదివినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. తీరా చివరికి వచ్చేసరికి అదే దేశం ‘దొడ్డ వృక్షం’ అయి పూలెత్తుతుంది. ఒకే మాట ఒకే గేయంలో రాజ్యం, ఒళ్లు, మనుషులు, చెట్టు అయింది. వీటిలో ఒకదాన్ని అసలు అర్థమని తేల్చి మిగతావాటిని పక్కన పెట్టే హక్కు మనకెక్కడిది? అన్నట్టు, గేయంలో ఏ దేశం పేరూ లేదు. అది ఎవరూ గమనించరు.

వంశధార (హిరమండలం):
ప్రబంధాల్లో ‘కంఠదేశం’ అంటారు, అక్కడ దేశం బెత్తెడు చోటు. దేశవాళీ విత్తనం అంటే మన నేలకు అలవాటైనది. ఇంట్లో చెప్పకుండా పోయినవాడు ‘దేశాలు పట్టి పోయాడు’. వలసలు ఎరిగిన మా వైపు ఆ మాట వినని ఇల్లుండదు. అక్కడ దేశం అంటే ఇల్లు కానిదంతా. పక్కన ఏ మాట ఉందో చూడకుండా దేశానికి అర్థం చెప్పబోతే చిక్కే. చంపావతి గారి మాటే నాకు సబబుగా ఉంది.

వేగవతి:
చెట్టు అన్నాక మట్టి లేకుండా ఎలా నిలుస్తుంది, నాగావళి గారూ? కాదన్న మట్టినే కవి మళ్లీ తెచ్చుకున్నారు.

నాగావళి:
తెచ్చుకున్నారు, నిజమే. కానీ ఆ పంక్తి పూర్తిగా చదవండి: ‘నరుల చెమటను తడిసి మూలం’. వేళ్లను తడుపుతున్నది వాన కాదు, ఏరు కాదు, మనిషి చెమట. మట్టిని పక్కకు నెట్టి మనిషిని ముందు నిలపడం ఆ వృక్షంలోనూ మానలేదు. ఇన్ని అర్థాల మధ్య కవి ‘అంటే’ అని చెప్పింది ఒక్కదానికే. అందుకే నిఘంటువులో ‘జనం’ అన్న అర్థాన్ని విడిగా చేర్చి, ఉదాహరణగా ఈ గేయాన్నే ఇవ్వాలంటాను. వంశధార గారు చెప్పినవన్నీ దాని పక్కనే ఉండనివ్వండి, నాకు అభ్యంతరం లేదు.