214,74,83,647 ప్రధాన సంఖ్య అని చేతిలెక్కతో ఎలా తేల్చారు?

ప్రశ్న (నారాయణగూడ, హైదరాబాదు):
2 ఘాతం 31 నుంచి 1 తీసివేస్తే వచ్చే ఈ సంఖ్యను మా పదో తరగతి పిల్లలకు బోర్డు మీద రాసి చూపాను. ఇది ప్రధాన సంఖ్యేనని 1772లో గణిత శాస్త్రవేత్త ఆయిలర్ ఎలా నిరూపించారో దయచేసి వివరించగలరా?

సమాధానం:
వర్గమూలం 46,341కి కాస్త తక్కువ కనుక, భాజకాలను అంతవరకే వెతకాలండీ. పైగా 31 ప్రధాన సంఖ్య కావడం వల్ల, ఏ ప్రధాన భాజకాన్నైనా 62తో (అంటే 31కి రెట్టింపుతో) భాగిస్తే శేషం 1, 8తో భాగిస్తే 1 లేదా 7 రావాలి. అంటే 248తో భాగించినప్పుడు 1 గాని 63 గాని మిగిలే ప్రధాన సంఖ్యలను పరీక్షిస్తే చాలు. వేల భాగాహారాలు వందలోపుకు దిగిపోవడం నాకు ఇప్పటికీ అద్భుతంగానే తోస్తుంది.

మరో సమాధానం:
ఘాతం ప్రధాన సంఖ్య అయినంత మాత్రాన సరిపోదని కూడా చెప్పండి. ఘాతం 11 అయితే వచ్చే 2047, 23 × 89కి సమానం.

ప్రశ్న అడిగినవారు:
ఆ రెండింటినీ 11కి రెట్టింపైన 22తో భాగిస్తే శేషం 1 వస్తోంది! రేపు ముందుగా ఇదే చేయిస్తాను.