ఫిల్మ్ అంటే తెట్టా, పూతా, పొరా?

అందరికీ నమస్కారమండి. మాది అమలాపురం, డిగ్రీ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను. వెలుతురు పడితే కరెంటు పుట్టే అణువుల ఫిల్ముల గురించి తెలుగులో నోట్సు రాస్తూ ఆ ఫిల్మ్ అన్న మాట దగ్గరే రెండ్రోజుల్నుంచి ఆగిపోయానండి. పుస్తకాల్లో అంతటికీ "పలుచని పొర" అనే ఉంటుంది, నాకది చాలట్లేదు.

పని ఎలా జరుగుతుందంటే, ఆ అణువులు కరిగించిన ద్రవం నీళ్ళ మీద బొట్టు వేస్తే అవి ఒక్క అణువు మందాన పరుచుకుంటాయి, నీళ్ళంటే ఇష్టమున్న కొస (తల) నీళ్ళలో, ఇష్టం లేని కొస (తోక) గాల్లోకి. పక్కనుంచి నెట్టి దగ్గరికి చేర్చి గాజుపలక ముంచి తీస్తే ఆ వరస పలకకి అంటుకుని వచ్చేస్తుంది, మళ్ళీ ముంచితే దానిమీద ఇంకోటి. నీళ్ళమీది వరస సంగతి 1917లో అమెరికా శాస్త్రవేత్త లాంగ్‌మ్యూర్ తేల్చారు, ఒకదాని మీద ఒకటి పేర్చడం 1930ల్లో ఆయనతో పనిచేసిన కాథరిన్ బ్లాడ్జెట్ చేసి చూపించారు. ఇన్ని అవస్థలకీ ఒకే మాటా?

— మాది ఆత్రేయపురమండి. మా పూతరేకు పేరులోనే ఉంది చూడండి. పిండిలో ముంచిన గుడ్డ వేడి కుండ మీద లాగినప్పుడు అది పూత, ఊడొచ్చి చేతిలోకొచ్చాక రేకు. ఒకటే వస్తువు, రెండు మాటలు. మీరూ అలా విడగొట్టుకోండి.

— ఆయ్, భలే పట్టుకున్నారండి! అయితే నీళ్ళ మీదున్నప్పుడు తెట్టు (చమురు తెట్టు అని పేపర్లో రాస్తారు కదా), పలకకి అంటాక పూత, పేర్చాక పొరలు. రేకు మాత్రం వద్దు, ఇది ఊడొచ్చేది కాదు, ఊడితే కరెంటే ఉండదు. ఎందుకంటే రంగు అణువుల పొర మీద వెలుతురు పడి ఎలక్ట్రాన్ ఉద్రేకం చెందితే (అంటే శక్తి పుచ్చుకుని పై మెట్టెక్కితే) అది పక్క పొరలోకి వెంటనే దూకాలి, దూకకపోతే తిరిగి కిందికి పడిపోయి ఆ శక్తి వేడిగానో వెలుతురుగానో పోతుంది. ఈ రకం పదార్థాల్లో ఆ ఉద్రేకం నడిచే దూరం పది నానోమీటర్లకి అటూ ఇటూ, అందుకే పొర పలచన, పక్క పొర అంటుకునే ఉండాలి. 1986లో చింగ్ టాంగ్ అనే శాస్త్రవేత్త రెండే రెండు పొరలతో వెలుతుర్లో సుమారు 1 శాతాన్ని కరెంటు చేశారు, అవి మాత్రం నీళ్ళలో ముంచినవి కాదు, ఆవిరి చేసి పట్టించినవి, అంటే తెట్టు దశ లేకుండా నేరుగా పూతే.

— మరి ఒక్కటే ఉంటే "పొర" అనొచ్చాండీ?

— కంటికి పొర వచ్చిందంటాం కదండీ, అనొచ్చు. కానీ నోట్సులో ఒక్కటున్న చోట పూత అనే రాస్తున్నాను, పొర అనగానే పిల్లలకి ఉల్లిపాయే గుర్తొస్తోంది.