పెరట్లో వేపచెట్టు కొట్టించి మొద్దు తీయించాలి: పని ఎవరికి అప్పగించాలి?

పెరటివేప (హనుమకొండ):

అందరికీ నమస్కారం. హనుమకొండలో మా అమ్మగారు ఒక్కరే ఉంటున్న ఇంటి పెరట్లో నాన్నగారు నాటిన నలభై ఏళ్ళ వేపచెట్టు ఉంది. 2021లో తెలంగాణ అంతటా వేపలకు తెగులు సోకి కొసలు ఎండిపోయినప్పుడు ఇదీ ఎండింది. తర్వాత ప్రహరీ వైపు చిగురించింది గాని, ఇంటి మీదికి వంగిన పెద్ద కొమ్మ మోడుగానే మిగిలిపోయింది. ఇప్పుడు మొదట్లో పిడికిలి పట్టేంత తొర్ర కూడా పడింది. గాలి గట్టిగా వీచిన రాత్రి అమ్మ తన పడకగది వదిలి ముందు గదిలోకి వచ్చి పడుకుంటోంది.

చెట్టుకు, ఇంటి గోడకు మధ్య దూరం ఎనిమిది అడుగులు. ప్రహరీ అవతల కరెంటు తీగలు, పక్కింటివారి రేకుల షెడ్డు ఉన్నాయి. ఇద్దరిని పిలిపించి అడిగాను. మొదటాయన చెట్టు కొట్టి కట్టె తాను తీసుకుపోయేందుకు 9,000 రూపాయలు అడిగి, మొద్దుతో తనకు సంబంధం లేదన్నాడు. రెండో ఆయన మొద్దుతో సహా 26,000 అడిగాడు. ఇంత తేడా న్యాయమేనా? మొద్దు తీయించడం తప్పనిసరా? సొంత స్థలంలోని చెట్టుకు కూడా అనుమతి కావాలా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

అడవిదారి:

నేను అటవీ శాఖలో పని చేసి పదవీ విరమణ చేసినవాడిని కనుక అనుమతి సంగతి ముందు చెబుతాను. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం, అంటే మనం వాల్టా అని పిలుచుకునేది, ఉమ్మడి రాష్ట్రంలో మొదలై విభజన తర్వాత రెండు రాష్ట్రాల్లోనూ కొనసాగుతోంది. సొంత పెరట్లోని చెట్టుకు కూడా అది వర్తిస్తుంది. కొన్ని జాతులకు మినహాయింపు ఉన్నా, మీ చెట్టు సంగతి మీ ప్రాంతపు అటవీ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. తొర్ర, ఎండిన కొమ్మ, ఇంటి గోడ మూడూ ఒకే చోట కనబడేలా ఫోటోలు తీసి దరఖాస్తుకు జతచేయండి. పని చేసేవాడు "అనుమతి అంతా మేం చూసుకుంటాం" అంటే ఆ కాగితం మీ చేతికి వచ్చేదాకా గొడ్డలి ఎత్తనివ్వకండి, ఎందుకంటే అనుమతి లేకుండా కొట్టిస్తే అధికారులు ముందు అడిగేది స్థలం యజమానినే.

ఇంకొక మాట. ఆ తెగులు వచ్చిన వేపలు చాలావరకు మళ్ళీ చిగురించాయి. మీ చెట్టు కూడా అలాగే ఒక పక్క తేరుకుంది. అందువల్ల మొత్తం కొట్టించే ముందు ఎండిన కొమ్మ ఒక్కటి దింపిస్తే సరిపోతుందేమో చూడండి. గోటితో బెరడు గీరితే లోపల పచ్చగా కనిపించిన భాగానికి ప్రాణం ఉన్నట్టే. అయితే తొర్ర మొదట్లోనే ఉంది కనుక గొడ్డలి మడమతో బోదె చుట్టూ కొట్టించి చూడండి. ఎక్కువ మేర డొల్ల శబ్దం వస్తే ఇక నిలబెట్టే ఆలోచన మానుకోవడం మంచిది.

అడితి_ఖమ్మం:

మాది రెండు తరాలుగా కట్టెల అడితి. మీకు వచ్చిన రెండు ధరలూ ఒకే పనికి కావు కనుక వాటిని పక్కపక్కన పెట్టి చూడడం కుదరదు. మొదటాయన ధరలో మీ కట్టె విలువ కలిసిపోయి ఉంది. రెండో ఆయన కట్టె ఎవరికి వదులుతున్నాడో మీరు రాయలేదు, అది ముందు అడగండి. కొమ్మలు, రొట్ట ఎత్తి ట్రాక్టరులో తీసుకుపోవడం గుత్తలో ఉందో లేదో కూడా తేల్చుకోండి. లేకపోతే సాయంత్రానికి పెరడంతా కొమ్మారెమ్మలు పరిచి వెళ్ళిపోతారు.

అసలు సంగతి మొద్దు దగ్గర ఉంది. దాన్ని తీయించాలా వద్దా అన్నది చెట్టు కొట్టకముందే తేల్చుకోవాలి. చాలామంది నేల మట్టానికి కోయించేసి, వారం తర్వాత మొద్దు కోసం మరొకరిని పిలుస్తారు. అప్పటికి పట్టుకుని లాగడానికి ఏమీ మిగలదు కనుక పని రెట్టింపవుతుంది. నాలుగైదు అడుగుల బోదె నిలిపి ఉంచితే, చుట్టూ తవ్వి పక్కవేర్లు గొడ్డలితో తెంచాక, ఆ బోదె కొసకు మోకు కట్టి అటూ ఇటూ ఊపుతూ లాగవచ్చు. ఆ ఊపుకే తల్లివేరు వదులవుతుంది. మీ రెండో ఆయనను "బోదె ఎంత ఎత్తు ఉంచుతారు?" అని ఒక్క ప్రశ్న అడగండి. తడుముకోకుండా జవాబు చెబితే అతనికి మొద్దు పని తెలిసినట్టే.

కొమ్మ దింపే తీరు కూడా అడగాలి. పని తెలిసినవాడు ఇంటి వైపు కొమ్మకు ముందు కింది నుంచి ఒక గాటు పెట్టి, తర్వాత పై నుంచి కోస్తాడు. కింది గాటు లేకపోతే కొమ్మ బరువుకు బెరడు చీలుకుంటూ కిందికి వచ్చి, కోసేవాడి కాళ్ళ మీదికే వస్తుంది. కొమ్మకు కట్టిన మోకును పై పంగ మీదుగా వేసి, కింద ఇద్దరు పట్టుకుని నెమ్మదిగా వదలాలి. ఎండిన కొమ్మ మీద ఎక్కి నిలబడేవాడిని మాత్రం మా నాన్నగారు పనిలోకే రానిచ్చేవారు కాదు. తీగలు ఉన్నాయి కనుక విద్యుత్ సెక్షన్ కార్యాలయంలో చెప్పి ఆ రోజుకు లైన్ క్లియర్, అంటే పని జరిగేంతసేపు ఆ తీగల్లో కరెంటు ఆపించే అనుమతి, తీసుకోవాలి. తీగల వైపు కొమ్మలు లైన్‌మన్ ఎదుటే కొట్టించండి.

సాగరతీరం (విశాఖపట్నం):

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు మా ఇంటి ముందు తురాయి చెట్టు సగం విరిగిపోతే, మిగిలినది కోయించి మొద్దు వదిలేశాను. అడితి వారు చెప్పిన పొరపాటే నేను చేశాను, నేల మట్టానికి కోయించాను. మొద్దు చావాలని ఎవరో చెప్పగా రాళ్ళ ఉప్పు పోస్తే దాని పక్కనున్న మల్లె పాదు ముందు చచ్చిపోయింది. రెండేళ్ళకు మొద్దుకు చెదలు పట్టి, అక్కడి నుంచి గుమ్మం చట్రం దాకా మట్టి గీతలు పాకాయి. అప్పుడు జేసీబీ పిలిపిస్తే అది మొద్దుతో పాటు మంచినీటి గొట్టాన్నీ పెకలించింది. ఆ మరమ్మతు ఖర్చు ఎవరిదన్న వాదన మూడు రోజులు సాగి, చివరికి నేనే పెట్టుకున్నాను.

కాబట్టి సంపు, సెప్టిక్ ట్యాంకు, గొట్టాలు ఎక్కడున్నాయో ముందే ముగ్గుతో గీత గీసి చూపించండి, ఏదైనా పగిలితే బాధ్యత ఎవరిదో కాగితం మీద రాయించండి. గోడ పునాది కిందికి పోయిన వేరును లాగనివ్వకుండా గోడకు రెండడుగుల ఇవతలే కోసి వదిలేయమనండి. గోతిని ఒకేసారి పూడ్చేయకుండా అడుగు మందాన మట్టి వేసి, నీళ్ళు పోసి, దిమ్మిస కొట్టించాలి. మేము అలా చేయనందువల్ల మరుసటి వానలకు అక్కడ గచ్చు కుంగింది. ఎక్కేవాళ్ళకు ప్రమాద బీమా ఉందా అని కూడా అడగండి. ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమా ఉన్నా, ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి రెండు లక్షలు వస్తాయి.

పెరటివేప:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న గొడ్డలి మడమతో కొట్టించి చూశాము, నడుము ఎత్తు దాకా డొల్లగానే ఉంది. అనుమతికి దరఖాస్తు పెట్టాను. రెండో ఆయనకు ఫోన్ చేసి బోదె సంగతి అడిగితే, "ఛాతీ ఎత్తు ఉంచుతామండీ, కానీ తొర్ర ఉంది గదా, మోకు తొర్రకు పైన కడితే అక్కడే పుటుక్కున విరుగుతుంది, కింద గొలుసు వేసి తీస్తాం" అన్నాడు. ఆ మాటతో పని అతనికే ఇచ్చాను. కట్టె అతను తీసుకునేట్టు, గొయ్యి పూడ్చి రొట్ట ఎత్తేట్టు మాట్లాడుకుంటే 21,000కు ఒప్పుకున్నాడు. మూడో వంతు బయానా, మిగతాది గొయ్యి దిమ్మిస కొట్టాక. కొట్టే రోజున చెట్టుకు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టాలని అమ్మ అంటే, అది ఎలాగూ తామే చేస్తామని అతను చెప్పాడు.