తుఫాను నిధితో హామ్ సెట్ కొనవచ్చా?

గోపాలపురం తీరం:
మాది ఒడిశా బరంపురం. తుఫానుల కోసమని ఇంట్లో విడిగా కొంత డబ్బు దాస్తాం. అందులోంచి 70 వేలు తీసి సెకండ్‌హ్యాండ్ 100 వాట్ల హెచ్ఎఫ్ సెట్, అంటే దూరాలకి మాట్లాడే హామ్ రేడియో (లైసెన్సుతో సొంతంగా నడుపుకునే వైర్‌లెస్) కొందామని ఉంది. నాకు హామ్ లైసెన్సు ఉంది. ఇంట్లో మాత్రం "అది నీ సరదా, దానికి తుఫాను పేరు పెట్టకు" అంటున్నారు. ఫైలిన్ తుఫాను చూసిన ఊరివాళ్లం కదా, ఇది అవసరం కాదా? తెలిసినవాళ్లు చెప్పండి.

మహేంద్రగిరి:
ముమ్మాటికీ అవసరమే తమ్ముడూ. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 200 కిలోమీటర్లు మించింది. ఆ గాలికి కరెంటు స్తంభాలు నిలవవు. కరెంటు పోయాక సెల్ టవర్ బ్యాటరీ మీద కొన్ని గంటలు, డీజిల్ ఉంటే జనరేటర్ మీద ఇంకొంతసేపు పనిచేస్తుంది. రోడ్డు నిండా చెట్లు పడి ఉంటే ఆ డీజిల్ ఎవరు తెస్తారు?

వాకీటాకీ చాలదా అని అడిగేవాళ్లుంటారు. 5 వాట్ల వీహెచ్ఎఫ్ (దగ్గరి దూరాలకి వాడే) చేతి సెట్టు ఊళ్లో ఇళ్ల మధ్య మూడు నాలుగు కిలోమీటర్లు పలికితే గొప్ప. సిగ్నల్‌ని అందుకుని మళ్లీ పంపే రిపీటర్ ఉన్నా దానికీ కరెంటే కావాలి. బరంపురం నుంచి పర్లాకిమిడికి తిన్నగా కొలిచినా తొంభై పైచిలుకు కిలోమీటర్లు, మధ్యలో కొండలు. 7 మెగాహెర్ట్జ్ మీదైతే సిగ్నల్ నిలువుగా పైకి పోయి, పైన ఎత్తున ఉండే అయనావరణం అనే పొరకి తగిలి, చుట్టూ రెండు మూడొందల కిలోమీటర్ల మేర గొడుగు పట్టినట్టు దిగుతుంది. భువనేశ్వర్, విశాఖ రెండూ అందులోకొస్తాయి. దానికి టవర్ కూడా అక్కర్లేదు. యాంటెన్నా తీగ పొడుగు కావాలంటే 143ని మెగాహెర్ట్జ్‌తో, అంటే 7.1తో భాగిస్తే 20 మీటర్లు. అంటే చెరోవైపు 10 మీటర్ల రాగి తీగ, నాలుగైదు మీటర్ల ఎత్తు. ముందు అరమీటరు పొడుగ్గా కోసుకుని, ఎస్‌డబ్ల్యూఆర్ (తీగ సెట్‌కి ఎంత కుదిరిందో చెప్పే కొలత) చూసుకుంటూ రెండువైపులా సమానంగా కత్తిరించుకోవాలి.

2004 డిసెంబరులో హామ్ ఆపరేటర్ భారతీ ప్రసాద్ బృందం అండమాన్ వెళ్లింది ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడటానికి, అంటే హాబీకే. 26న సునామీ వచ్చాక పోర్ట్ బ్లెయిర్ నుంచి కబుర్లు బయటికి చేర్చింది ఆ సెట్లే. సరదా వేరు, అవసరం వేరు అనేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి.

నాగావళి:
నేను చెప్తాను. నాకూ లైసెన్సు ఉంది కాబట్టి రేడియో తెలియక అంటున్నానని అనుకోవద్దు.

అండమాన్ వెళ్లినవాళ్లు సెట్ మీద చేయి తిరిగినవాళ్లు. సునామీ నాటికి వాళ్ల యాంటెన్నాలు ఎత్తి ఉన్నాయి, అవతల వినేవాళ్లూ ఉన్నారు. ఇక్కడ ఇంటి మొత్తానికి ఆపరేటర్ ఒక్కరే. ఆయన ఊళ్లో లేని రోజున తుఫాను వస్తే ఆ 70 వేలు ఎవరికి పనికొస్తాయి? పైగా ఫైలిన్ దాటింది రాత్రి. రాత్రిపూట 7 మెగాహెర్ట్జ్ మీద దూరపు స్టేషన్లు వస్తాయి గానీ పక్క జిల్లా తరచుగా వినపడదు. దానికి 3.6 మీదకి దిగాలి, తీగ 40 మీటర్లవుతుంది. ఆ స్థలం ఏ డాబా మీద ఉంది?

ఇక నిధి లెక్క. తాగడానికీ వంటకీ మనిషికి రోజుకి 5 లీటర్లు వేసుకుంటే నలుగురికి మూడు రోజులకి 60 లీటర్లు, మూత గట్టిగా బిగిసే 20 లీటర్ల క్యాన్లు మూడు. తరవాత బావి నీళ్లు వాడాల్సొస్తే వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ కలిపి గంట ఆగాలి. నీళ్లు మడ్డిగా ఉంటే ముందు తేరనివ్వాలి, లేకపోతే క్లోరిన్ ఆ మడ్డికే సరిపోతుంది. విప్పి ఉంచిన పౌడర్ బలం తగ్గిపోతుంది, ఏటా కొత్త ప్యాకెట్ కొనాలి. వార్తలకి పెన్సిల్ సెల్లుల ట్రాన్సిస్టర్ చాలు. సెల్లులు లోపల పెట్టి దాచకూడదు, కారితే స్ప్రింగులు తుప్పు పడతాయి. రెండు టార్చీలు, పవర్ బ్యాంకు, ఓఆర్ఎస్ పొట్లాలు, బీపీ షుగరు ఉన్నవాళ్లకి రెండు వారాల మాత్రలు. వేలల్లో ఒక అంకెలో తేలిపోయే ఖర్చు ఇది. ఇవన్నీ ఉన్నాయా లేవా అన్న ముక్క మొదటి పోస్టులో లేదు.

ఛత్రపురం:
అక్క మాటే కరెక్టు. క్యాన్లు ముందు.

కొల్లాబ్:
సెట్ కొన్నాక కరెంటు ఎక్కణ్నుంచి ఇస్తారో ఎవరూ అనడం లేదేటి? 100 వాట్ల సెట్ మాట్లాడేటప్పుడు 20 ఆంపియర్లు లాగుతుంది. ఇన్వర్టర్ బ్యాటరీ ఉంది కదా అని 1.5 ఎంఎం వైరు వేస్తారు. మూడు మీటర్ల దూరానికి రానూపోనూ ఆరు మీటర్ల వైరు, అందులోనే 1.4 వోల్టులు పోతాయి. చాలా సెట్లకి 11.7 వోల్టులు కనీసం. బ్యాటరీ దగ్గర 12.2 ఉన్నా సెట్ దగ్గరికి 10.8 చేరుతుంది. మైకు నొక్కగానే సెట్ ఆరిపోతుంది. 6 ఎంఎం వైరు వేయండి.

మహేంద్రగిరి:
ఫుల్ పవర్ ఎవరు పెట్టమన్నారు? 20 వాట్లకి దించితే ఏడెనిమిది ఆంపియర్లే. వినడానికి ఒక ఆంపియర్. గంటకి మొదటి పది నిమిషాలే సెట్ ఆన్ చేస్తే రోజుకి నాలుగు గంటలు. అందులో ఒక గంట మాట్లాడినా 12 ఆంపియర్ అవర్ దాటదు. 20 ఆంపియర్ అవర్ల లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ ఒక రోజు లాక్కొస్తుంది, మర్నాడు ఎండ వస్తే 100 వాట్ల ప్యానెల్ నింపుతుంది.

నాగావళిగారూ, క్యాన్లు వద్దని నేననలేదు. కబురు కూడా నీళ్లంత అవసరమే అంటున్నాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి గజపతి జిల్లా కొండల్లో చరియలు విరిగిపడ్డాయి. అలాంటి చోట మనిషి బతికున్నాడన్న కబురు విలువ ఎంత?

కొల్లాబ్:
20 వాట్లయినా వైరు సన్నమే. ఫ్యూజు కూడా సెట్ దగ్గర కాదు, బ్యాటరీ పాజిటివ్ పక్కనే ఉండాలి. దారిలో వైరు నలిగి షార్టయితే సెట్ దగ్గరి ఫ్యూజు కాపాడదు. సెట్ వాడేటప్పుడు ఇన్వర్టర్ ఆపేయండి, దాని హోరుకి 7 మీద ఏమీ వినపడదు.

నాగావళి:
వైరు సంగతి తేల్చుకోండి, మంచిదే. నా గొడవ వైరుతో కాదు, "అవసరం" అన్న మాటతో. పిల్లల ప్రాణాల పేరు ఎత్తాక ఏ ఇల్లాలు వద్దనగలదు? డ్రోన్ కొంటారు, వరద చూడటానికంటారు. ఆ గాలిలో అది లేవదు. వేల రూపాయల క్యాంపింగ్ కత్తి కొంటారు, పడిపోయిన చెట్టుకి కావలసింది రంపం. ఆవిడ కుట్టుమిషన్ అడిగితే మాత్రం లెక్కలు అడుగుతారు. నిధిలో ఆవిడ పొదుపూ ఉంది. భయం చూపించి ఆ డబ్బు తీసుకోవడం నాకు నచ్చలేదు. అంతే.

మహేంద్రగిరి:
భయం చూపించడమా? ఈ మాట తప్పు. తుఫాను రోజున కంట్రోల్ రూములకి హామ్‌లని పిలుస్తారు. మిగతా ఏడాదంతా అదే సెట్‌ని ఇంట్లో బొమ్మ అంటారు. సాయంత్రం అరగంట కూర్చుంటే "మళ్లీ ఆ గోలేనా" అంటారు. రోజూ వాడని సెట్ ఆ రోజున పలకదమ్మా. కనెక్టర్‌లో నీరు దిగుంటుంది, బ్యాటరీ పడుకునుంటుంది, మన నోటికి మెసేజ్ పద్ధతి రాదు. అవసరం అని చెప్పకపోతే సరదాకి ఒక్క రూపాయి ఇవ్వని ఇళ్లలో మేం ఏం చెప్పాలి?

నాగావళి:
ఇదిగో, ఇప్పుడు అసలు మాట అన్నారు. సరదాకి డబ్బు అడగడం తప్పని నేనెప్పుడూ అనలేదు అన్నా. సరదా అనే అడగండి, ఆవిడ సరదాకీ అంతే ఇవ్వండి. తుఫాను నిధి మాత్రం ముట్టకండి. నిజంగా ఇంటికోసమే అంటారా, ఆవిడ చేత కూడా హామ్ లైసెన్సు పరీక్ష రాయించండి. 12 ఏళ్లు నిండితే పిల్లలూ రాయొచ్చు. ఇంట్లో ఇంకొకరు 7.110 మెగాహెర్ట్జ్ మీద పిలవగలిగిన రోజున అది ఇంటి సెట్ అవుతుంది.

మహేంద్రగిరి:
పరీక్ష రాయించమనడం బాగుంది. నిధి ముట్టకూడదన్నది మాత్రం ఒప్పుకోను. కబురు కోసం కాకపోతే ఆ నిధి దేనికి?

గోపాలపురం తీరం:
క్యాన్లూ ట్రాన్సిస్టర్ ఈ వారమే కొంటున్నాను. సెట్ సంగతి ఇంట్లో విడిగా అడుగుతాను, నిధిలోంచి కాదు. కొల్లాబ్ అన్నా, డాబా పొడుగు 14 మీటర్లే. 20 మీటర్ల తీగ ఎలా కట్టాలి?

కొల్లాబ్:
ఇన్వర్టెడ్ వీ, అంటే తిరగేసిన V ఆకారంలో కట్టు తమ్ముడూ. నడుమ ఆరు మీటర్ల పైపు, రెండు కాళ్లూ ఏటవాలుగా దించు. నడుమ కోణం 90 డిగ్రీలకి తగ్గనీయకు. కొసలు డాబా అంచు దగ్గరికొచ్చేస్తే చివరి రెండున్నర మీటర్లు అంచు వెంబడి పక్కకి మడిచి కట్టొచ్చు, కానీ మనిషి చేతికి అందకూడదు, మాట్లాడేటప్పుడు అక్కడ వోల్టేజీ ఎక్కువ. నడుమ కప్పీ పెట్టి నైలాన్ తాడు మీద ఎత్తు. తుఫాను హెచ్చరిక రాగానే అంతా దించి చుట్టేసి, కోయాక్స్ (యాంటెన్నా నుంచి వచ్చే కేబుల్) సెట్ నుంచి పీకెయ్. గాలి తగ్గాక ఎత్తుకోవచ్చు. కోయాక్స్ కనెక్టర్‌కి రబ్బరు టేపు సాగదీసి చుట్టు, లోపలికొచ్చే ముందు కేబుల్‌ని ఒక వంపు కిందికి వదులు, నీళ్లు అక్కడే కారిపోతాయి.