పీపా చెక్కతో ఊగే కుర్చీ: కింది వంపు చెక్కలు ఎలా చేయాలి?

అందరికీ నమస్కారమండీ. మాది విజయవాడ, భవానీపురం. పాత సామాన్ల కొట్టులో ఒక ఓక్ పీపా కనబడితే కొన్నాను. ఇనుప పట్టీలు ఊడదీస్తే 30 పలకలు వచ్చాయి. ఒక్కోటి సుమారు 3 అడుగుల పొడవు, అంగుళం మందం. లోపలి వైపు కాల్చిన నలుపు ఇంకా ఉంది. వీటితో అమ్మకి ఊగే కుర్చీ చేయాలని నా కోరిక. సాయంత్రాలు వరండాలో మామూలు కుర్చీలో ఎక్కువసేపు కూర్చోలేకపోతోంది.

వీపు ఆనే భాగానికి పలకల వంపు చక్కగా సరిపోయింది, చిత్రిక పట్టే పని కూడా తక్కువే. ఇబ్బందంతా నేలకి ఆనే రెండు వంపు చెక్కల దగ్గరే. పీపా పలక మధ్యలో వెడల్పు, చివర్లకి సన్నం, అంచులు ఏటవాలు. పైగా పొట్టి. అదే కింద పెడితే కుర్చీ వెనక్కి తిరగబడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. మా వడ్రంగి మేస్త్రీ గారైతే పలుచటి టేకు పట్టీలు ఒకదానిమీద ఒకటి అతికించి, అచ్చుకి బిగించి వంచుదామంటున్నారు. నాకూ అదే నయమనిపిస్తోంది.

చేసినవాళ్లు దయచేసి చెప్పండి. అమ్మ ఎత్తు 5 అడుగులు. వంపు వ్యాసార్థం ఎంత పెట్టాలి? వెనకవైపు ఎంత పొడవు వదలాలి? తడి తగిలితే ఓక్‌లో ఇనుప మరల చుట్టూ నల్లమచ్చ పడుతుంది కాబట్టి ఇత్తడివి తెచ్చాను. మన ఎండలకి అతుకులు విడిపోకుండా ఏ జిగురు వాడారు? కాలిన పొర మొత్తం గీకేయాలా, దానిమీదే అవిసె నూనె పట్టించొచ్చా? అమ్మ చీరలకి మసి అంటకూడదు.