రెండు కార్తీకాల ఊళ్లో పిల్లలతో ఏం చేయాలి? బరంపురం వాళ్లు చెప్పండి

తెనాలి_టు_బరంపురం:
అందరికీ నమస్కారం. జూన్‌లో మా వారికి ఒడిషాలోని బరంపురం బదిలీ అయింది. వచ్చిన దగ్గర్నుంచి సామాన్లు సర్దుకోవడం, స్కూలు, పనమ్మాయిని వెతుక్కోవడం, వానలు, వీటితోనే సరిపోయింది. ఊరు అంటూ ఏమీ చూడలేదు. దసరా సెలవులు మా పుట్టింట్లో అయిపోతాయి, తిరిగి వచ్చాక అక్టోబర్ చివరి నుంచి నవంబర్ అంతా ఇక్కడే. పాపకి పదేళ్లు, బాబుకి ఆరు. ఇద్దరూ ఆదివారం వస్తే చాలు టీవీ రిమోట్ కోసం కొట్టుకుంటున్నారు, వాళ్లని విడదీయలేక నాకు తలనొప్పి. మా అత్తగారు కూడా మాతోనే ఉంటారు, ఆవిడకి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేరు, కానీ కార్తీక మాసం నియమంగా చేస్తారు, ఉల్లి వెల్లుల్లి కూడా మానేస్తారు. మా వారికి ఆదివారం, రెండో నాలుగో శనివారాలు తప్ప సెలవు దొరకదు.
ఎక్కువ ఖర్చు లేకుండా, పిల్లలకీ పెద్దావిడకీ ఇద్దరికీ నచ్చేలా ఏం ప్లాన్ చేసుకోవచ్చు? చిలికాలో డాల్ఫిన్లు చూపిస్తానని బాబుకి మాట కూడా ఇచ్చేశాను. ఇంకో సంగతి, పక్కింటి ఒడియా ఆవిడ "మాకు కార్తీకం దసరా వెళ్లిన అయిదు రోజులకే మొదలవుతుంది" అంటున్నారు. మనకి దీపావళి తర్వాత కదా? నేనే సరిగ్గా వినలేదా?

పట్టుచీర_అక్క:
సరిగ్గానే విన్నారమ్మా. వాళ్ల నెల పున్నమి నుంచి పున్నమికి, మన నెల అమావాస్య నుంచి అమావాస్యకి. ఆశ్వయుజ పున్నమి (ఇక్కడ కుమార పూర్ణిమ అంటారు) వెళ్లిన మర్నాడే వాళ్లకి కార్తీకం, మనకి ఇంకో పదిహేను రోజులకి. కార్తీక పున్నమితో వాళ్లకి నెల అయిపోతుంది, మనకి అప్పటికి సగమే. అంటే ఈ ఊళ్లో కార్తీకం ముప్ఫై రోజులు కాదు, నలభై అయిదు. నేను ఇక్కడే పుట్టి పెరిగాను, మా నాన్నగారు మగ్గం మీద పని చేసేవారు, చిన్నప్పుడు మాకు ఇదే పెద్ద లాభం, రెండు వైపులా పండగలే.
కాబట్టి ముందు టూర్ల సంగతి పక్కన పెట్టి ఆ రెండు క్యాలెండర్లూ ఒకదాని పక్కన ఒకటి పెట్టుకోండి, ప్లాన్ దానంతటదే వస్తుంది. కుమార పూర్ణిమ రోజు ఒడియా ఆడపిల్లలు కొత్త బట్టలు కట్టుకుని చందమామకి పేలాలు, అరటిపండు, కొబ్బరి, బెల్లం కలిపిన ముద్ద పెడతారు, దాన్ని నెలవంకలా చేస్తారు, తర్వాత గొంతుక్కూర్చుని ఎగురుతూ పుచి అని ఒక ఆట ఆడతారు. మీ పాపని పక్కింటికి పంపండి, వాళ్లే పిలుస్తారు. సరిగ్గా మూడో రోజు మనకి అట్ల తద్ది. గోరింటాకు, తెల్లవారుజామున లేచి తినడం, ఉయ్యాల, సాయంత్రం మళ్లీ చందమామే. ఈసారి ఆ ఇంటి పిల్లల్ని మీరు పిలవండి. ఇదంతా కలిపి మీకు అయ్యే ఖర్చు రెండు కొబ్బరికాయలు, కిలో బియ్యం, అంతే.
డాల్ఫిన్ల మాట మాత్రం వెనక్కి తీసుకోండి. అవి కనిపించేది సాతపడా వైపు, అది పూరీ దగ్గర. మనకి దగ్గరైన చిలికా అంటే రంభ, అక్కడ పడవలు, చిన్న చిన్న దీవులు, పక్షులు. డాల్ఫిన్ల కోసమని రంభ వెళ్లి, పడవవాడితో గొడవ పెట్టుకుని, మొహాలు వేలాడేసుకుని తిరిగొచ్చిన వాళ్లని చాలామందిని చూశాను.

కిమిడి_రైలు:
అక్క చెప్పింది కరెక్ట్. నాది పర్లాకిమిడి, నేను రెండు ముక్కలు కలుపుతాను.
ఒకటి, తుపాను. అక్టోబర్‌లో ఈ తీరానికి ఏ బుకింగూ ముందే డబ్బు కట్టి చేయకండి. 2013లో ఫైలిన్ గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది అక్టోబర్ 12న, 2018లో తిత్లీ పలాస దగ్గర అక్టోబర్ 11న. తిత్లీ అప్పుడు మా బావగారి కుటుంబం వస్తుందని గోపాలపూర్‌లో ఒక లాడ్జిలో రెండు గదులకి మొత్తం డబ్బు కట్టేశాను. తుపాను వచ్చింది, మా వీధిలో చెట్లన్నీ పడిపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు, ఆ టైములో లాడ్జివాడికి ఫోన్ చేస్తే "మేము గదులు తెరిచే ఉంచాం, మీరే రాలేదు" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బీచ్‌కి నవంబర్ నడిమధ్య వెళ్లండి, ఆకాశం కడిగినట్టుంటుంది. కానీ గోపాలపూర్ సముద్రం ఒడ్డునే లోతు, లాగేస్తుంది, పిల్లల్ని పాదాలు తడిసేంత వరకే. అత్తగారు సముద్ర స్నానం అంటే మాత్రం చెంబుతో పోసుకోమనండి.
రెండోది, రైలు. గుణుపూర్ లైను పిల్లలకి చూపించండి. నౌపడ దగ్గర మెయిన్ లైను నుంచి విడిపోయి టెక్కలి, పాతపట్నం మీదుగా మా ఊరు, అక్కణ్నుంచి కాశీనగర్, గుణుపూర్. ఆంధ్రాలో ఎక్కి ఒడిషాలో దిగుతాం. మా గజపతి రాజులు వేయించిన లైను, 1900లో మొదలైంది, 1931కి గుణుపూర్ చేరింది. నా చిన్నప్పుడు ఇంకా చిన్న పట్టాల బండే, మలుపుల దగ్గర ఎంత నిదానం అంటే మా మావయ్య నడుస్తున్న బండి దిగి జామకాయలు కొని మళ్లీ ఎక్కేవాడు (ఇది ఆయన చెప్పే కథ, నేను చూడలేదు). 2004లో ఆపేసి, పెద్ద లైను వేసి 2011లో మళ్లీ తెరిచారు. ఇప్పుడు జామకాయలు కుదరవు గానీ, కార్తీకంలో రెండు వైపులా వరి పండి ఉంటుంది, వెనకాల కొండలు, కిటికీ సీటు దొరికితే పిల్లలకి వేరే కాలక్షేపం అక్కర్లేదు. టైమింగులు మారుతుంటాయి, ముందు రోజు చూసుకోండి. పాతపట్నంలో దిగితే నీలమణి దుర్గ అమ్మవారి గుడి, పెద్దావిడకి దర్శనం, మహేంద్రతనయ నది పాతపట్నం, మా ఊరు రెండింటి పక్కనుంచే పారుతుంది. క్యారేజీలో పులిహోర, దద్దోజనం పట్టుకుని వస్తే అదే వనభోజనం. ఉసిరి చెట్టు ఎక్కడుందో మా ఊళ్లో ఎవర్ని అడిగినా చెప్తారు.

జయపురం_మాస్టారు:
మీరంతా సముద్రం వైపే మాట్లాడుతున్నారు, మా కొండల మీద వలిసె పూలు ఎవరికీ గుర్తు రాలేదా. నవంబర్‌లో కొరాపుట్ చుట్టుపక్కల వాలు పొలాలన్నీ పసుపు పూసినట్టు ఉంటాయి. అరకులో ఫొటోలకి ఎగబడతారే, అదే పంట, ఇక్కడ జనం తక్కువ. హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి ఎక్కితే తెల్లారాక కొరాపుట్‌లో ఉంటారు. దేవమాలి 1672 మీటర్లు, ఒడిషాలో అదే ఎత్తైన కొండ, పైదాకా దాదాపు బండి వెళ్తుంది. చలికోట్లు తప్పనిసరి. పొలంలోకి దిగేముందు రైతుని అడగండి, అది గింజల కోసం వేసిన పంట, ఫొటోల కోసం కాదు, ప్రతి ఏడూ తొక్కి పాడు చేస్తున్నారు.

ఊరికే_చదివేవాడు:
మాస్టారూ, మోకాళ్ల నొప్పులున్న ఆవిడ, ఆరేళ్ల పిల్లాడు, ఒక్క ఆదివారం. కొరాపుట్ అంట.

జయపురం_మాస్టారు:
రెండో శనివారం కలిపి అన్నాను. సరే, వచ్చే ఏడాదికి రాసి పెట్టుకోండి.

పట్టుచీర_అక్క:
మాస్టారు గారు బాధపడకండి, పూల మాట నిజమే :) కానీ వీళ్లకి ఒక్క పగటి పని కావాలి. దూరం వెళ్లాలనుంటే తప్తపాణి, చంద్రగిరి దారి మంచిది. దిగపహండి మీదుగా వెళ్తారు. తప్తపాణిలో వేడినీళ్ల ఊట, అత్తగారు కాళ్లు పెట్టుకుని కూర్చుంటే లేవమన్నా లేవరు. అక్కణ్నుంచి ముందుకి జిరంగలో టిబెట్ వాళ్ల బౌద్ధ విహారం, అరవైలలో వాళ్లు వచ్చి అక్కడ స్థిరపడ్డారు, మొక్కజొన్న పండిస్తారు. పిల్లలు ఆ రంగులకి నోరు తెరిచి చూస్తారు. పొద్దున ఆరింటికి బయల్దేరితే సాయంత్రానికి ఇంట్లో. గుడి కావాలంటే తారాతరిణి, 999 మెట్లని భయపడొద్దు, రోప్‌వే ఉంది, రోడ్డు కూడా పైదాకా ఉంది. చైత్రం మంగళవారాల్లో కాలు పెట్టలేం, కార్తీకంలో హాయిగా ఉంటుంది.
ఇక అసలు చెప్పాల్సింది పడవల సంగతి. కార్తీక పున్నమి తెల్లవారుజామున బొయిత బందాణ. పూర్వం ఒడియా వర్తకులు ఈ రోజుల్లో గాలి మారాక ఓడలు కట్టుకుని జావా, బాలి వెళ్లేవారట, ఆ గుర్తుకి చెరువుల్లో, నదుల్లో చిన్న పడవలు వదులుతారు. "ఆ కా మా బై, పాన గువా థోయి" అని పాడతారు. ఆ నాలుగు అక్షరాలు ఆషాఢం, కార్తీకం, మాఘం, వైశాఖం అని చెప్తారు. బజార్లో థర్మాకోల్ పడవలు అమ్ముతారు, కొనకండి, మర్నాడు చెరువు చూస్తే అసహ్యం వేస్తుంది. ఇంట్లో అరటి బోదెతో చేయండి. బోదె పైపొర వలిస్తే దొప్పలా వస్తుంది, మూరెడు కోసి, రెండు చివర్లూ దగ్గరికి నొక్కి చీపురు పుల్ల గుచ్చండి. పొర మరీ పచ్చిగా ఉంటే చీలిపోతుంది, కోసి రాత్రంతా ఉంచితే కాస్త వడిలి మాట వింటుంది. నడుమ ఒక పుల్ల నిలబెట్టి రంగు కాగితం తెరచాప. లోపల తమలపాకు, వక్క, ఒక రూపాయి బిళ్ల, దీపం. దీపం తెరచాపకి దూరంగా, పడవ ముక్కు దగ్గర పెట్టించండి. మావాడు చిన్నప్పుడు సరిగ్గా తెరచాప కింద పెట్టాడు, చెరువు మధ్యకి వెళ్లాక భగ్గుమంది, వీడు ఒడ్డున ఒకటే ఏడుపు, పక్కనున్న ముసలాయన "మీ ఓడ బాలి చేరకముందే యుద్ధం చేసిందిరా" అని ఓదార్చాడు.
ఆ అరటి దొప్ప పని వృథా కాదు. ఇంకో పదిహేను రోజులకి మన పోలి పాడ్యమి, మళ్లీ తెల్లవారుజామునే అవే దొప్పల్లో దీపాలు వదలాలి. అప్పటికి మీ పిల్లలు చెయ్యి తిరిగినవాళ్లు అయిపోతారు.

కిమిడి_రైలు:
దీపావళి మర్చిపోయారు అక్కా. మా వైపు పిల్లలు గోగు కాడలకి నూనె గుడ్డలు చుట్టి వెలిగించి "దిబ్బు దిబ్బు దీపావళి, మళ్లీ వచ్చే నాగులచవితి" అని నేలకి కొడతారు. అదే సాయంత్రం ఒడియా ఇళ్ల ముందు ఎండు పుల్లల కట్టలు వెలిగించి "బడబడువా హో" అని చనిపోయిన పెద్దల్ని పిలుస్తారు, చీకట్లో రండి, వెలుగులో వెళ్లండి అని. బాబుకి రెండూ నేర్పించండి. టపాకాయలు అన్నీ ఆ రాత్రే కాల్చేయకండి, నాగులచవితికి మాకు ఇంకో విడత ఉంటుంది, మీ తెనాలి వైపు ఇది తెలియకపోవచ్చు.

తెనాలి_టు_బరంపురం:
మీ అందరికీ చాలా థాంక్స్. ఇంత వస్తుందనుకోలేదు. ఒక్క డౌట్. పక్కింటావిడ పున్నమి మర్నాడు ఛాడఖాయి అని, ఆ రోజు అందరూ మటన్ వండుకుంటారని, మాకూ గిన్నె పంపిస్తానని ఇప్పుడే చెప్పేశారు. ఆ రోజుకి మాకు కార్తీకం సగమే కదా. మా వారికీ పిల్లలకీ మటన్ అంటే ప్రాణం. అత్తగారు అదే ఇంట్లో.

పట్టుచీర_అక్క:
హహహ, ఇది ప్రతి తెలుగింట్లో ప్రతి ఏడూ ఉన్న గొడవే. వాళ్లు నెలంతా ఆగుతారు, చివరి అయిదు రోజులు పంచుక అంటారు, అప్పుడు కొంగ కూడా చేప ముట్టదట, అందుకని ఆ మర్నాడు వీధి వీధంతా మసాలా వాసనే. మాంసం దుకాణం దగ్గర తెల్లారేసరికి క్యూ. మా అమ్మ ఏం చేసేదంటే, ముందే వెళ్లి "గిన్నె మాకు అమావాస్య వెళ్లాక పంపండి వదినా" అని చెప్పి వచ్చేది. వాళ్లు మర్చిపోకుండా అప్పుడు మళ్లీ వండి పంపేవారు. మనకి వడ్డీతో సహా వచ్చేది. ఛాడఖాయి రోజు మాత్రం మాకు ఇంట్లో ఉండడం కష్టం, నాన్నగారు మమ్మల్ని ఎక్కడికైనా తీసుకెళ్లిపోయేవారు. మీరు వనభోజనం ఆ రోజుకి పెట్టుకోండి, సెలవు దొరికితే.

ఊరికే_చదివేవాడు:
ఇన్ని చెప్పారు, పెద్దావిడకి ఏం ఇష్టమో ఎవరూ అడగలేదు. ఒకసారి ఆవిడకి చదివి వినిపించండి.

తెనాలి_టు_బరంపురం:
వినిపించాను. తప్తపాణి ఒకటీ, పాతపట్నం రైలు ఒకటీ చాలన్నారు, రంభ ఆ తర్వాత నెలలో, పక్షులు బాగా వచ్చాక చూద్దామన్నారు. డాల్ఫిన్ల సంగతి బాబుకి ఇంకా చెప్పలేదు, ధైర్యం చాలట్లేదు. పడవ మాత్రం ఆగలేక ఈ సాయంత్రమే ఒకటి చేసి చూశాం. బోదె పక్కింటావిడ పెరట్లోంచి ఇచ్చారు. బాత్రూమ్ బకెట్లో వదిలితే ఒక పక్కకి ఒరిగిపోయింది, రూపాయి బిళ్ల మధ్యకి జరిపితే నిలబడింది. చీపురు పుల్లలు మా అత్తగారే విరిచి ఇచ్చారు, నిన్న కొన్న చీపురు అని నన్ను తిడుతూనే.