అమ్మకు ఏ ఫోన్ కొనాలి: ఆండ్రాయిడా, ఐఫోనా?

అమ్మ ఫోన్ కొని ఐదేళ్లయింది. స్క్రీన్ మీద ఒక్క గీత లేదు, బ్యాటరీ సాయంత్రం దాకా వస్తోంది. కానీ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ 2022 దగ్గరే ఆగిపోయింది. మొన్న బ్యాంకు యాప్ ఈ వెర్షన్‌లో పనిచేయదని చూపించింది. పింఛను డబ్బులు అందులోనే చూసుకుంటుంది, నాకు టెన్షన్‌గా ఉంది.

2019లో వచ్చిన ఐఫోన్ 11కి 2025లో కూడా ఐఫోన్ల కొత్త సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 26 ఇచ్చారు. ఆండ్రాయిడ్‌లో శాంసంగ్ గెలాక్సీ ఎస్24, గూగుల్ పిక్సెల్ 8లకు ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామన్నారు. అమ్మ చేతికి ఆండ్రాయిడే అలవాటు. కింద బ్యాక్ బటన్ కనిపించకపోతే కంగారుపడుతుంది.

పెద్దవాళ్లను ఐఫోన్‌కి మార్చినవాళ్లు ఉన్నారా? ఎన్నాళ్లకు అలవాటైంది? శాంసంగ్, పిక్సెల్ వాడేవారు మీ ఫోన్‌లో చివరి సెక్యూరిటీ అప్‌డేట్ ఏ నెలదో దయచేసి చూసి చెప్పండి.